గీయకుండా వదిలేసిన గీత

ఆ బడిపంతులి పేరు స్టీవ్ రోజర్స్. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది. ఆ ముఖమూ పుట్టుకతో వచ్చింది కాదు, సర్జన్ చేత మార్పించుకున్నది. చిన్నప్పటి నుంచీ ఆయన ఒక్క వీరుడినే ఆరాధించాడు. ఆ వీరుడి జీవితం మీదే పరిశోధన చేసి చరిత్రలో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. జర్మనీ వెళ్లి నాజీల పాత ఫైళ్లు తిరగేసి, ఎప్పుడో పోయిందని అందరూ వదిలేసుకున్న ఒక మందు ఫార్ములాను పట్టుకొచ్చాడు. దాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టి బదులుగా ఒకటే అడిగాడు. తనను ఆ వీరుడిగా తయారు చెయ్యమన్నాడు. ప్రభుత్వం సరేనంది. ముఖం మార్చింది, పేరిచ్చింది, సిద్ధం చేసింది. అంతలో కొరియా యుద్ధం ఆగింది. ఇక నీతో పని లేదు పొమ్మంది. వేరొకరి ముఖంతో, వేరొకరి పేరుతో ఆయన ఒక బడిలో పాఠాలు చెప్పుకుంటూ మిగిలిపోయాడు.

1972 నవంబరు సంచికగా వచ్చిన 'కెప్టెన్ అమెరికా' 155వ పుస్తకంలోని కథ ఇది. రాసింది స్టీవ్ ఎంగిల్‌హార్ట్, బొమ్మలు వేసింది సాల్ బ్యుసెమా. అప్పట్లో అమెరికాలో దాని వెల ఇరవై సెంట్లు. నాకు చాలా ఏళ్ల తర్వాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆదివారం పూట పరిచే పాత పుస్తకాల గుట్టలో దొరికింది. అట్ట సగం ఊడిపోయి ఉంది. అప్పటికి నేను వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేసి బతుకుతున్నాను. సూపర్‌హీరోల మీద పెద్ద మోజు లేదు. ఇంకు పని చూద్దామని కొన్నాను. చదివాక మాత్రం రెండు రోజులు కుంచె పట్టలేదు. ఆ పంతులు నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

ఈ కథ పుట్టడానికి కారణం ఒక పొరపాటు. కథ విలువ తెలియాలంటే ముందు ఆ పొరపాటు తెలియాలి.

కెప్టెన్ అమెరికాను సృష్టించినవాళ్లు జో సైమన్, జాక్ కర్బీ. ఇద్దరూ యూదు కుటుంబాల బిడ్డలు. 1941 మార్చి తేదీతో వచ్చిన మొదటి పుస్తకం అట్ట మీదే వాళ్ల వీరుడు హిట్లర్ దవడ పగలగొడతాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనే లేదు. యుద్ధం ముగిశాక ఆ వీరుడి పని కూడా అయిపోయింది. పాఠకులు తగ్గారు, పుస్తకం ఆగిపోయింది. 1953 చివర్లో అదే కంపెనీ మళ్లీ లేవదీసింది. ఈసారి శత్రువు కమ్యూనిస్టు. అట్ట మీద ఆయన పేరు కింద 'కమ్యూనిస్టులను చితకబాదేవాడు' అన్న అర్థంలో బిరుదు కూడా తగిలించారు. ఎక్కువ మంది కొనలేదు. 1954లోనే మళ్లీ మూతపడింది.

పదేళ్ల తర్వాత, 1964లో, స్టాన్ లీ, జాక్ కర్బీ 'అవెంజర్స్' నాలుగో సంచికలో ఆ వీరుడిని సముద్రంలోంచి పైకి తీశారు. 1945 నుంచీ మంచులో గడ్డకట్టి ఉన్నాడని రాశారు. గొప్ప ఊహ. లోకం ఇరవై ఏళ్లు ముందుకు వెళ్లిపోయింది, తాను మాత్రం నిన్నటి యుద్ధంలోంచి నేరుగా లేచి వచ్చాడు. తోటి కుర్రవాడు బకీ చనిపోయాడు. ఆ దుఃఖమే ఆయనకు కొత్త ప్రాణం పోసింది. అయితే ఒక చిక్కు మిగిలింది. 1945లోనే మంచులో పడ్డవాడు 1954లో కమ్యూనిస్టులను ఎలా కొట్టాడు? పక్కన బకీ ఎలా ఉన్నాడు?

దీర్ఘకాలం నడిచే ప్రతి కథకూ ఇలాంటి పాత లెక్క ఒకటి ఉంటుంది. తేల్చుకునే దారులు రెండు. మొదటిది, అసలా పుస్తకాలు రానట్టే నటించడం. కంపెనీ ఎనిమిదేళ్లు చేసింది అదే. అది సులువు, అందులో తప్పు పట్టేదీ లేదు. ఎవరో కుర్రాళ్లు అటకెక్కించిన పుస్తకాలు, వాటినెవరు గుర్తు పెట్టుకుంటారు? రెండోది, ఆ పొరపాటుకు ఒక మనిషిని వెతికిపెట్టడం. 1954లో కొట్టింది నిజంగానే ఎవరో అయితే, ఆ 'ఎవరో' ఎవరు? ఎంగిల్‌హార్ట్ ఆ పత్రికలో కలం పట్టిన మొదటి నెలల్లోనే ఈ రెండో దారి తొక్కాడు. అప్పుడు పుట్టినవాడే మన పంతులు.

ఆ పంతులికి బడిలో ఒక శిష్యుడు దొరికాడు. జాక్ మన్రో అనే కుర్రాడు. గురువుకు కెప్టెన్ ఎలాగో వాడికి బకీ అలాగ. ఇద్దరు పిచ్చి అభిమానులు ఒకచోట చేరారు. పాత శత్రువు మళ్లీ తల ఎత్తగానే ఫార్ములాలోని మందును తమకు తామే ఎక్కించుకుని దుస్తులు తొడుక్కున్నారు. అసలు కెప్టెన్ తయారైనప్పుడు మందుతో పాటు ప్రత్యేకమైన కిరణాల కింద కూడా నిలబెట్టారు. ఆ కిరణాలే మందును ఒంటికి పట్టించి నిలకడ ఇస్తాయి. ఈ ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఫైల్లో మందు ఉంది, కిరణాలు లేవు. కండలు వచ్చాయి, బలం వచ్చింది, కొన్నాళ్లకు మెదడు చెదిరింది. ప్రతి నీడలో ద్రోహి కనిపించడం మొదలైంది. కమ్యూనిస్టులనే అనుమానంతో అమాయకులను కొట్టసాగారు. ఆ పంతులికి ముఖమూ పేరూ ఇచ్చిన ప్రభుత్వమే చివరికి వాళ్లిద్దరినీ పట్టి నిద్రపుచ్చి దాచేసింది.

1972లో ఒకడు వాళ్లను లేపాడు. నిక్సన్ చైనా వెళ్లి చేతులు కలిపి వచ్చిన సంవత్సరం అది. దేశం చెడిపోయిందని మండిపడ్డ ఒక కాపలా ఉద్యోగి ఆ నిద్ర చెడగొట్టాడు. లేచినవాళ్లు హార్లెమ్ వీధుల్లోకి వచ్చారు. అసలు కెప్టెన్ సెలవు మీద ఊరు దాటి ఉన్నాడు. ఆయన జోడీ ఫాల్కన్, అంటే శాం విల్సన్, ఆ వీధుల్లో పెరిగిన నల్లజాతి యువకుడు. తన మిత్రుడి ముఖంతో ఎవరో తన వాళ్లను కొట్టడం ఆయన కళ్లారా చూశాడు. ఈ కథలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆ ఘట్టమే. ముఖం అదే, దుస్తులు అవే, డాలు అదే. తేడా ఎక్కడుందో దెబ్బ తిన్నవాడికే తెలుస్తుంది.

ఇక నా సంగతి.

నేను బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టిన రోజుల్లో తెలుగు పత్రికలో కథకు బొమ్మ అంటే బాపు బొమ్మే. మిగతా చిత్రకారులు లేక కాదు. చాలామంది మహానుభావులు ఉన్నారు. కానీ పాఠకుడి కంటికి ఆయన గీత అలవాటైపోయింది. ఒక వారపత్రికలో సీరియల్‌కు బొమ్మలు వేసే అవకాశం వచ్చింది. సంపాదకుడు పాత సంచికలు ఒక కట్ట నా ముందు పడేసి, బొమ్మ చూడగానే ఆయన వేశాడేమో అనిపించాలి అన్నాడు. నాకు అవమానంగా తోచలేదు. ఎగిరి గంతేశాను. ఆ గీత అంటే నాకు ప్రాణం. రాత్రిళ్లు ట్రేసింగ్ కాగితం పెట్టి దింపాను. తర్వాత కాగితం తీసేసి చూసి దింపాను. ఆ తర్వాత చూడకుండా దింపాను. జడ, కన్ను కొస, చీర కుచ్చెళ్లు, అక్షరాల తోకలు కూడా. ఆయన చేతిరాత ఇప్పుడు కంప్యూటర్‌లో ఫాంటుగా దొరుకుతోంది. అప్పట్లో మాలాంటి వాళ్లం నడిచే ఫాంట్లం. రెండేళ్లకు మా ఊళ్లో బంధువులు కూడా ఆ బొమ్మలు నావంటే నమ్మలేదు. అదే నాకు పెద్ద బిరుదు.

ఒకసారి ఒక కథ వచ్చింది. కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసే ముసలమ్మ. అరుగు మీద కూర్చోబెట్టాను. కుచ్చెళ్లు కుదిరాయి, కళ్లు కుదిరాయి, అరుగు మీది ముగ్గు కూడా కుదిరింది. పత్రికలో అచ్చయ్యాక చూస్తే ఆ ముసలమ్మ ఎవరికోసమూ ఎదురుచూడడం లేదు. ఫొటోకు కూర్చున్నట్టు కూర్చుంది. ఆఫీసులో పెద్ద చిత్రకారుడు ఒకాయన ఉండేవాడు, లేఔట్ చూసేవాడు. ఆ పేజీ తీసి నా బల్ల మీద పెట్టి, "ఏరా అబ్బాయ్, ఆయన గీసిందంతా దింపావు. ఆయన వదిలేసింది దింపలేదురా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. టీ తాగడానికి వెళ్లిపోయాడు.

నేను ఆ సాయంత్రం పాత కట్ట విప్పి మళ్లీ చూశాను. ఈసారి గీతలు చూడలేదు, తెలుపు చూశాను. ఒక చెంప గీత మొదలై చెవి దాకా వెళ్లకుండా ఆగిపోతుంది. వీపు ఉండదు, వీపు ఉందని మన కన్నే అనుకుంటుంది. అరుగు ఉండదు, కూర్చున్న తీరులో అరుగు తెలుస్తుంది. నా బొమ్మలో ఎక్కడా ఆగిన గీత లేదు. ఏది వదిలితే 'ఆయనలా' లేదంటారోనని అన్నీ పెట్టేశాను. ఆగే చోటు కట్టలో దొరకదు. గీసే మనిషి ఆ కథ చదువుతూ, ఆ ముసలమ్మను తలచుకుంటూ, ఇక చాలు అనుకున్న క్షణంలోంచి అది వస్తుంది. నేను కథ చదవలేదని కాదు. చదువుతున్నంతసేపూ ఆయన ఏ కన్ను వేస్తాడా అని ఆలోచించాను. ముసలమ్మ గురించి ఆలోచించలేదు.

ఆబిడ్స్‌లో దొరికిన ఆ పుస్తకం నన్నెందుకు రెండు రోజులు ఆపిందో ఇప్పుడు చెప్పగలను. ఆ పంతులు తన దేవుడి గురించి దొరికిన ప్రతి కాగితం చదివాడు. పిడికిలి ఎలా బిగించాడో నేర్చుకున్నాడు. ఏ పిడికిలి బిగించకుండా ఆపుకున్నాడో ఏ ఫైల్లోనూ ఉండదు. ఎంగిల్‌హార్ట్ ఆ లోటుకు కిరణాలని పేరు పెట్టాడు. పిల్లల పుస్తకం కాబట్టి కిరణాలన్నాడు. పాత కథలోని మందు చీటీ వెతికి, అందులో ఒక్క సరుకు తగ్గించి, మనిషి పతనమంతా ఆ ఒక్క తరుగులోంచి నడిపించడం కథ కట్టేవాళ్లు పదే పదే చూసి నేర్చుకోవలసిన పని. కొత్త విలన్‌ను బయటి నుంచి తేలేదు. ఇంట్లో ఉన్న సామానుతోనే వంట చేశాడు.

ఇంకో పని కూడా చేశాడు. పంతులి గతం చెప్పాల్సిన చోట 1953 నాటి పాత పేజీలనే తీసి ఆ పుస్తకంలో మళ్లీ అచ్చు వేయించాడు. అప్పటి పిల్లలు నిజమైన కెప్టెన్ అనుకుని చదివిన బొమ్మలే అవి. చుట్టూ ఉన్న కథ మారింది కాబట్టి ఆ బొమ్మల అర్థం మారిపోయింది. నిన్న వీరుడిగా కనిపించిన ముఖం ఇవాళ చూస్తే ముఖం మార్చుకున్న అభిమాని. ఏళ్ల తరబడి బొమ్మలు వేస్తున్నాను, బొమ్మను తాకకుండా బొమ్మను మార్చవచ్చని నాకు నేర్పింది ఆ పేజీలే.

చివరి పోరాటం తర్వాతి సంచికలో, 156లో ఉంటుంది. అసలూ నకలూ ఎదురుపడతారు. సాధారణంగా ఇలాంటి కథలో అసలువాడు గెలిచి, నకిలీని చీదరించి వెళ్లిపోతాడు. ఇక్కడ గెలిచినవాడు కింద పడ్డవాడిని చూస్తూ నిలబడిపోతాడు. వీడు నాలాగే మొదలయ్యాడు, నన్ను ఇష్టపడే ఇలా అయ్యాడు, వీడు చేసిన చెడులో నా వంతు ఉంది అన్నట్టు బాధపడతాడు. నాకు గుర్తున్నంతలో ఆ వయసు పిల్లల పుస్తకంలో ఇంత బరువైన ముగింపు ఇంకోటి చదవలేదు.

మనకు ఇలాంటి నకిలీ కొత్త కాదు. భాగవతంలో పౌండ్రకుడున్నాడు. కరూశ దేశపు రాజు. అసలైన వాసుదేవుడిని నేనేనని కృష్ణుడి దగ్గరికి దూతను పంపాడు. శంఖం, చక్రం, కౌస్తుభం, పీతాంబరం, జెండా మీద గరుడుడు, అన్నీ చేయించుకుని పెట్టుకున్నాడు. వేషం కట్టిన నటుడిలా ఉన్నాడని కృష్ణుడు నవ్వాడు, నిజం చక్రంతో తల తీశాడు. చిన్నప్పుడు విన్నప్పుడు నేనూ నవ్వాను. కానీ ఆ కథ అక్కడ ఆగదు. రాత్రీ పగలూ విష్ణువునే తలచుకుని, ఆ రూపాన్నే ఒంటి మీద మోసినందుకు అతడి బంధాలన్నీ తెగి ఆ స్వరూపమే దక్కిందంటుంది భాగవతం. దేనికి శిక్ష పడిందో దానికే ఫలమూ దక్కింది. వేషంలో ద్వేషం ఉందో ప్రేమ ఉందో కూడా అడగలేదు, తలపు నిలిచిందా అనే చూసింది. ఎంగిల్‌హార్ట్ ఆ కథ విని ఉంటాడని నేను అనుకోను. నకలువాడిని చీదరించుకోకపోవడం దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడ్డారు.

ఆ జాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు మెల్లగా అర్థమైంది. ఆ పుస్తకం చేసినవాళ్లంతా ఒకరి స్థానంలో కూర్చోబెట్టిన మనుషులే. ఎంగిల్‌హార్ట్ రాస్తున్నది సైమన్, కర్బీల బిడ్డను. బ్యుసెమా గీస్తున్నది కర్బీ నేర్పిన దూకుడును. ఆ కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు కర్బీ బొమ్మలే పాఠ్యపుస్తకం. సూపర్‌హీరో పత్రిక అనేదే ఎప్పటికీ వారసుల చేతుల్లో నడిచే పని. సృష్టించినవాడు వెళ్లిపోతాడు, వీరుడు ఉంటాడు, వచ్చే నెల సంచిక బయటికి రావాలి. ఎవడో ఒకడు ఆ ముఖాన్ని వేరొకరి చేతిలోంచి తీసుకుని వెయ్యాలి.

ఆ 1953 పేజీలు వేసిన కుర్రాడి సంగతి చూడండి. జాన్ రోమీటా. 1930లో పుట్టాడు, అప్పటికి ఇరవై మూడేళ్లు. కర్బీ చేసిన వీరుడిని కర్బీ లేకుండా వెయ్యాల్సి వచ్చింది. పుస్తకం మూతపడింది. తర్వాత ఏళ్ల తరబడి ప్రేమకథల కామిక్స్‌లో కన్నీళ్లూ కౌగిళ్లూ గీశాడు. 1966లో స్పైడర్‌మ్యాన్‌కు ప్రాణం పోసిన స్టీవ్ డిట్కో ఉన్నట్టుండి తప్పుకున్నాడు. కంపెనీ ఆ కుర్చీలో రోమీటాను కూర్చోబెట్టింది. ఆయన ఏం చేశాడనుకున్నారు? డిట్కోలా గీశాడు. సన్నటి గీతలు, ఎముకలు కనిపించే వేళ్లు, బక్క ముఖాలు. డిట్కో అలక తీరి ఎప్పుడో తిరిగొస్తాడు, అందాకా పాఠకుడికి తేడా తెలియకూడదు అనుకున్నాడట. తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మనసు పెట్టి చేసిన నకలు అది. ఇంకొకడి ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, యజమాని కోసం గుమ్మంలో కూర్చున్నట్టు.

నా దగ్గర రోమీటా వేసిన ఆ తొలి స్పైడర్‌మ్యాన్ సంచికల రీప్రింటు ఉంది. మొన్న ఒక అమ్మాయి వచ్చింది, బొమ్మలు నేర్చుకుంటానని. తెచ్చిన కాగితాలన్నీ నా బొమ్మల నకళ్లే. నా అలవాట్లు కూడా దింపింది, మోచేతి దగ్గర నేను చేసే తొందరపాటుతో సహా. "బాగున్నాయా మాస్టారూ?" అని అడిగింది. బాగున్నాయమ్మా అన్నాను, నిజంగానే బాగున్నాయి. తర్వాత ఆ రీప్రింటు తీసి 39వ సంచిక నుంచి పేజీలు తిప్పుతూ చూపించాను. ఇక్కడ డిట్కో, ఇక్కడా డిట్కో, ఈ చెయ్యి కూడా డిట్కోదే. ఆమె ఒక్కొక్కటే చూసి తల ఊపుతోంది.

42వ సంచిక చివరి పేజీ దగ్గర ఆగాను. అంతకు దాదాపు ఏడాదిన్నర ముందు ఒక సంచికలో డిట్కో ఒక అమ్మాయిని చూపించాడు. పేరు మేరీ జేన్. చాలా అందగత్తె అని చూసినవాళ్లు అనుకుంటారు గానీ ముఖం మాత్రం పూల మాటున దాచేశాడు. పాఠకుడికి చూపించకుండానే ఆ పత్రిక వదిలి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడాలి. రోమీటా ముందు దింపుకోవడానికి ముఖం లేదు. ఆ ఒక్కచోట డిట్కో ఖాళీ వదిలాడు.

ఆ గడిలో గీత లావెక్కింది. గుండ్రటి చెంపలు, నుదుటి మీద పడ్డ జుట్టు, ఇన్నేళ్లు ప్రేమకథలు గీసి అలవాటు పడ్డ చెయ్యి. ఆన్-మార్గరెట్ అనే సినిమా నటిని మనసులో పెట్టుకుని వేశానని ఆయనే చెప్పాడు. డిట్కో అయితే ఎన్నడూ అలా వెయ్యడు.

ఆ అమ్మాయి పుస్తకం తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన కాగితాల కట్ట తీసుకుని ఒక్కొక్కటే వేగంగా తిరగెయ్యడం మొదలుపెట్టింది, ఏదో వెతుకుతున్నట్టు.